పచ్చి ఇటుకల ఇంటి చరిత్ర రాయడం ఎలా: కాలిఫోర్నియా, న్యూ మెక్సికో అడోబీ ఇళ్లను చదివే పద్ధతి

అడోబీ ఇంటి గుమ్మం పక్కన బిగించిన ఇత్తడి పలక మీద ఒకే సంవత్సరం ఉంటుంది. ఇంటికి మాత్రం గదికో వయసు ఉంటుంది. ఎండలో ఆరబెట్టిన పచ్చి ఇటుకలతో కట్టిన ఇల్లు ఒక్కసారిగా పూర్తయ్యేది కాదు. కొడుక్కి పెళ్లయితే ఒక గది చేరుతుంది, చేతిలో డబ్బు ఆడితే వసారా వస్తుంది, ఊరికి రైలొచ్చాక కప్పు మారుతుంది. అందుకే చరిత్ర రాయబోయేవారు ముందు ఏ గోడ తర్వాత ఏ గోడ వచ్చిందో తేల్చుకోవాలి. ఆ వరస కుదిరితే సంవత్సరాలను దానికి తగిలించడం తేలిక. వరస తెలియకుండా కాగితాలతో మొదలుపెడితే, దొరికిన పాత తేదీని తెచ్చి ఇల్లంతటికీ అంటగట్టేస్తాం. ఈ పనిలో అందరూ చేసే తప్పు ఇదే.

మరమ్మతుకు ముందే కొలతలు

గోడకు కొత్తగా మట్టి మెత్తితే దాని కింది ఆనవాళ్లన్నీ కనుమరుగవుతాయి. కాబట్టి ఒక్క తాపీ కూడా పడకముందే కొలతలు పూర్తిచేయాలి. 30 మీటర్ల టేపు, 5 మీటర్ల టేపు, రసమట్టం, నైలాన్ దారం, దారానికి కట్టిన గుండు, గళ్ల కాగితం, పెన్సిలు, మంచి వెలుగున్న టార్చి ఉంటే చాలు.

ముందుగా ఇల్లంతా ఒకే మట్టంలో, నేలకు దాదాపు మీటరు ఎత్తున ఒక దారం కట్టండి. ఎత్తులన్నీ ఆ దారం నుంచే పైకీ కిందికీ కొలవాలి. నేల నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. మొదట మట్టి నేల, దాని మీద చెక్క నేల, ఆపైన సిమెంటు పోసిన గదులు ఈ ఇళ్లలో మామూలే. గుమ్మం మరీ పొట్టిగా ఉండి తల వంచి వెళ్లాల్సి వస్తే, పాతకాలం మనుషులు పొట్టివాళ్లని రాసేయకండి. చాలాసార్లు నేలే పైకి లేచి ఉంటుంది.

ప్రతి గదికీ నాలుగు వైపులతో పాటు రెండు కర్ణాలనూ కొలవాలి, ఎందుకంటే మూలలు మట్టంగా ఉన్న గది అరుదు. గోడ మందాన్ని ప్రతి గుమ్మం, ప్రతి కిటికీ దగ్గరా అడుగున, నడుమ, పైన మూడు చోట్ల తీయండి. ఆ మందాలను నక్షా మీద పెద్ద అంకెలతో రాయండి. ఇంటి చరిత్రలో మొదటి పత్రం అదే. బయటి గోడ 60 సెంటీమీటర్లకు పైన ఉండి, గదుల మధ్య అడ్డగోడ 30 దగ్గర ఉండటం సహజం. ఇంటి నట్టనడుమ ఉన్న గోడ కూడా బయటి గోడంత మందంగా ఉంటే, ఒకప్పుడు అదే ఇంటికి చివరి గోడ అనుకోవచ్చు. దానికి అవతలి గదులు తర్వాత వచ్చినవి.

కొలతలను వారాల్లోకి మార్చి చూడండి. వార అనేది స్పానిష్ కొలమానం. కాలిఫోర్నియాలో 33 అంగుళాల లెక్క, అంటే 83.8 సెంటీమీటర్లు. గది వెడల్పు సరిగ్గా 5 వారాలు (4.19 మీటర్లు) లేదా 6 వారాలు (5.03 మీటర్లు) వస్తే, స్పానిష్, మెక్సికన్ కాలపు అలవాటున్న చేతులు కొలిచాయనడానికి అదొక సూచన. పక్క గది లెక్క అడుగుల్లోనే సరిపోతుంటే అది అమెరికన్ కాలం నాటిది కావచ్చు. గిలాబా మందం రెండు వైపులా కలిసి ఈ లెక్కను చెడగొడుతుంది. ఎక్కడో ఒకచోట గిలాబా రాలి ఇటుక కనిపిస్తే అక్కడ మందం చూసి, దాన్ని తీసేసి లెక్కవేయండి. వారాల లెక్క సరిపోయినంత మాత్రాన తేదీ తేలినట్టు కాదు, అది మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే.

గోడను చదవడం

గోడను తవ్వి చూడాలన్న ఆత్రం వద్దు. ఇప్పటికే తెరుచుకుని ఉన్న చోట్లు చాలానే ఉంటాయి: కరెంటు పెట్టె వెనక, మెట్ల కింద, చెక్క నేల అడుగున, అన్నిటికంటే ముఖ్యంగా అటకలో. అటక గోడలకు ఎవరూ గిలాబా వేయరు, వెల్ల వేయరు. పాత కప్పు వాలు గీత, పాత దూలాలు కూర్చున్న గూళ్లు అక్కడ ఉన్నవి ఉన్నట్టే మిగిలి ఉంటాయి. ఇప్పటి పైకప్పు పలకలకు పైన గోడ మీద సున్నపు వెల్ల కనిపిస్తే, ఆ గది ఒకప్పుడు ఇంకా ఎత్తుగా, కప్పు దాకా తెరిచి ఉండేదని అర్థం.

రెండు గోడలు కలిసే మూలలే అసలు సాక్షులు. ఒకేసారి లేచిన గోడల్లో ఇటుకలు వరస విడిచి వరస ఒకదానిలోకి ఒకటి పెనవేసుకుంటాయి. తర్వాత చేర్చిన గోడ పాత గోడకు ఆనుకుని నిలబడుతుంది. పై నుంచి కిందికి నిట్టనిలువు చీలిక కనబడుతుంది. గిలాబా ఉన్నా ఆ చీలిక దాగదు, ఏళ్ల తరబడి అదే గీత వెంట పగులుతూ వస్తుంది. రాత్రిపూట టార్చిని గోడకు దాదాపు తాకించి వెలుగును పక్కవాటంగా పారిస్తే మూసేసిన కిటికీలు, గుమ్మాలు నీడల్లా తేలతాయి. పగటి వెలుతురులో ఎన్నిసార్లు చూసినా దొరకనివి ఇలా దొరుకుతాయి.

ఇటుకలను కొలిచేటప్పుడు ఒక్కో గోడలో కనీసం 20 ఇటుకలకు పొడవు, ఎత్తు, మధ్య మట్టి సందు రాసుకుని సగటు తీయండి. న్యూ మెక్సికోలో ఇప్పుడు వాడుకలో ఉన్న ఇటుక 14 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 4 మందం. బరువు దాదాపు 14 కిలోలు. కాలిఫోర్నియా పాత ఇళ్లలో ఇంతకంటే పెద్దవి, 22 అంగుళాల పొడవు, 11 వెడల్పు ఉన్నవి తరచుగా కనిపిస్తాయి. మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది కనుక ఒకే అచ్చులో పోసిన ఇటుకలు కూడా అచ్చంగా సమానంగా ఉండవు. ఒకటి రెండు ఇటుకలు తేడాగా ఉన్నాయని తీర్పు చెప్పకండి. సగటే మారితే అచ్చు మారింది, అంటే కట్టిన సందర్భం మారింది.

మట్టి కూడా మాట్లాడుతుంది. ఒక్కో గది నుంచి నేల మీద రాలిన పొడి పిడికెడు తీసుకుని, గాజు సీసాలో మూడో వంతు పోసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదపండి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. ఒండు కొన్ని గంటలు తీసుకుంటుంది. జిగురు మట్టి తేరుకోవడానికి ఒక రోజు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. సీసాలను పక్కపక్కన పెట్టి పొరల మందాలు పోల్చండి. రెండు గదుల పొరలు స్పష్టంగా వేరైతే మట్టి వేర్వేరు గుంతల నుంచి వచ్చింది. గోడ అడుగు నుంచి మాత్రం మట్టి తీసుకోకండి. అక్కడ ఉప్పు పేరుకుని ఉంటుంది, తర్వాతి మరమ్మతుల మట్టి కలిసి ఉంటుంది, ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

ఇటుకలో కలిపిన గడ్డి, పేడ అంతకంటే విలువైనవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన జార్జ్ హెండ్రీ 1920లలో, 1930ల మొదట్లో పాత అడోబీ ఇటుకలను నీళ్లలో కరిగించి లోపలి గింజలను, గడ్డిపరకలను గుర్తించారు. ఏ గోధుమ, ఏ బార్లీ పండించారో, ఏ కలుపు మొక్క ఎప్పటికి ఆ నేలకు చేరిందో అలా బయటపడింది. ఈ పని మీరూ చేయవచ్చు, గోడలోంచి ఇటుక పీకకుండా. విరిగి పడిన ముక్క ఒకటిరెండు కిలోలు బకెట్ నీళ్లలో ఒక రోజు నానబెట్టండి. చేత్తో నలపకుండా నెమ్మదిగా కలిపి, పైకి తేలినదాన్ని సన్నటి జల్లెడలో వంచండి. మిగిలిన బురదకు మళ్లీ నీళ్లు పోసి రెండు మూడుసార్లు అలాగే చేయండి. దొరికినది నీడలో ఆరబెట్టి కాగితపు సంచిలో పెట్టి, ఏ గోడ, నేల నుంచి ఎంత ఎత్తు, ఏ తేదీ అన్నది సంచి మీద పెన్సిలుతో రాయండి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే బూజు పడుతుంది. గుర్తించే పని వృక్షశాస్త్రం చదివినవారికి వదిలేయండి.

చెక్క, మేకులు త్వరగానే చెప్పవచ్చు. నాలుగు వైపులా సన్నబడుతూ వచ్చే మేకు కమ్మరి సుత్తితో సాగగొట్టినది. రెండు వైపులే సన్నబడితే యంత్రం కోసినది, 19వ శతాబ్దపు సరుకు. గుండ్రటి తీగ మేకు 1890ల నుంచి ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. దూలం మీద బాడిస దెబ్బలుంటే చేతి పని. విల్లులా వంగిన గీతలుంటే గుండ్రటి రంపపు మిల్లు పని. న్యూ మెక్సికోకు రైలు 1879లో వచ్చింది, మిల్లు చెక్క, రేకులు విరివిగా దొరికింది ఆ తర్వాతే. ఒక జాగ్రత్త: మేకు చెప్పేది ఆ చెక్కను బిగించిన కాలం. గోడ దానికి 50 ఏళ్ల ముందుదైనా కావచ్చు.

న్యూ మెక్సికో ఇళ్లకు ఇంకో వరం ఉంది. కప్పు మోసే విగాలు, అంటే చెక్కకుండా వదిలేసిన గుండ్రటి మానులు, చాలావరకు పైన్ చెట్లవి. వాటి వలయాల్ని లెక్కపెట్టి నరికిన సంవత్సరం చెప్పే విద్య అరిజోనా విశ్వవిద్యాలయంలో 1920లలోనే రూపు దిద్దుకుంది. సన్నని బోలు బరమాతో పెన్సిలు కంటే సన్నని ముక్క తీస్తారు. మాను మీద బెరడు గానీ బెరడు కిందే ఉండే ఆఖరి వలయం గానీ మిగిలి ఉంటేనే నరికిన ఏడు ఖాయంగా తెలుస్తుంది, చెక్కేసిన దూలంతో ఆ భాగ్యం లేదు. పాత ఇంటి విగాలను కొత్త ఇంటికి మళ్లీ వాడటం ఆనవాయితీ కాబట్టి ఒక్క మానును నమ్మకండి. ఒకే గదిలో అయిదారు మానులు ఒకటి రెండేళ్ల తేడాలోనే పలికితే అప్పుడు ఆ గది కాలం దాదాపు చిక్కినట్టే.

బయటికి చెక్క ఇల్లులా కనిపించేదాన్ని కూడా వదలకండి. అమెరికన్ కాలంలో కాలిఫోర్నియాలో చాలామంది అడోబీ గోడలకు బయట చెక్క పలకలు కొట్టించుకున్నారు. కిటికీ అరుగు మీద మనిషి హాయిగా కూర్చోగలిగేంత లోతుంటే ఆ పలకల వెనక మట్టి గోడ ఉన్నట్టే.

భూకంపాలు కూడా తేదీలు వేస్తాయి. దక్షిణ కాలిఫోర్నియాలో 1812 డిసెంబరు, 1857 జనవరి 9, శాంటా బార్బరాలో 1925 జూన్ 29, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 1971, 1994. పూడ్చిన పగులు మీద ఎన్ని వెల్ల పొరలున్నాయో చూసి, పక్కన పగలని గోడ మీది పొరలతో పోల్చండి. లోపలి పొరలు పగులు దగ్గర తెగి, పై పొరలు దాని మీదుగా సాగితే, ఆ రెండింటి మధ్య కాలంలో గోడ పగిలింది.

కాగితాలు, వాటి స్వార్థాలు

కాలిఫోర్నియాలో 1848 ఒప్పందంతో పాలన మెక్సికో చేతి నుంచి అమెరికా చేతికి మారింది. 1851 చట్టం కింద మెక్సికన్ కాలపు భూమి హక్కులన్నీ కమిషన్ ముందు మళ్లీ రుజువు చేసుకోవాల్సి వచ్చింది. 813 దావాలు పడ్డాయి. ఇంటి చరిత్ర రాసేవారికి ఆ ఫైళ్లు గని: ప్రభుత్వం భూమి ఇచ్చిన మంజూరు పత్రం నకలు, పొరుగువారి సాక్ష్యాలు, దిసేన్యో అనే చేతిగీత పటం, దాని మీద ‘కాసా’ అని రాసిన చిన్న చతురస్రం. దిసేన్యోలు బర్క్‌లీలోని బాంక్రాఫ్ట్ గ్రంథాలయంలో ఉన్నాయి.

ఆ సాక్ష్యాలను జాగ్రత్తగా చదవాలి. మంజూరు షరతుల్లో ఏడాదిలోగా ఇల్లు కట్టుకుని కాపురం ఉండాలన్నది ఒకటి. కాబట్టి హక్కుదారు తరఫు సాక్షి ఇల్లు తొలి ఏడాదే లేచిందనే చెబుతాడు. అది అబద్ధమే అయి ఉండాలని లేదు. ఆ మొదటి ఇల్లు కర్రలు పాతి మట్టి మెత్తిన గుడిసె అయి, ఇప్పుడు నిలిచిన అడోబీ పదేళ్ల తర్వాతది కావచ్చు. సాక్ష్యంలో గదుల సంఖ్య చెబితే దాన్ని మీ నక్షాలోని పాత గదులతో సరిపోల్చండి. సరిపోకపోతే రెండింటినీ రాయండి.

న్యూ మెక్సికోలో దారి వేరు. భూమి హక్కులు తేల్చేందుకు 1854 నుంచి సర్వేయర్ జనరల్ కార్యాలయం, ఆపైన 1891 నుంచి 1904 దాకా భూమి దావాల ప్రత్యేక కోర్టు నడిచాయి. వీలునామాలు అక్కడ ప్రాణం లాంటివి. ఆస్తిని పిల్లలందరికీ పంచే పద్ధతి వల్ల ఒకే ఇంటిని గదుల లెక్కన, దూలాల లెక్కన కూడా పంచుకున్నారు. ‘తూర్పు గది, ఇన్ని విగాలు’ అని రాసిన వీలునామా దొరికితే విగాలను లెక్కపెట్టి ఆ గదిని ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు.

జనాభా లెక్కల్లో ఇంటిల్లిపాది పేర్లు 1850 నుంచి కనిపిస్తాయి, చుట్టరికాలు 1880 నుంచి. 1890వి 1921 అగ్నిప్రమాదం తర్వాత దాదాపుగా మిగల్లేదు. 1950వి 2022లో తెరిచారు. ఇంగ్లీషు గుమాస్తాలు స్పానిష్ పేర్లను వినబడ్డట్టు రాశారు కాబట్టి అక్షరాలను కాకుండా ఉచ్చారణను వెతకాలి. స్పానిష్ కాగితాల్లో పెళ్లయిన స్త్రీ పుట్టింటి పేరుతోనే ఉంటుంది. ఈ సంగతి తెలియక ఇంటి ఇల్లాలు కాగితాల్లోంచి మాయమైందని అనుకున్నవాళ్లు ఎందరో.

పట్టణంలోని ఇల్లయితే శాన్‌బోర్న్ బీమా పటాలు, అంటే అగ్ని బీమా కంపెనీల కోసం గీసిన పట్టణ పటాలు చూడండి. 50 అడుగులకు ఒక అంగుళం చొప్పున గీసిన ఆ పటాల్లో ఇంటి ఆకారం, అంతస్తులు, కప్పు వివరంగా ఉంటాయి. వేర్వేరు సంవత్సరాల పటాలను ఒకదాని మీద ఒకటి పెడితే వసారా ఎప్పుడు గదిగా మారిందో తెలుస్తుంది. 1933లో మొదలైన ప్రభుత్వ చారిత్రక కట్టడాల సర్వే నక్షాలు, ఫొటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి.

కట్టినవాళ్ల పేర్లు

ఇంటికి యజమాని పేరు పెట్టి ‘ఆయన కట్టాడు’ అని రాయడం అలవాటైపోయింది. మట్టి తొక్కి, అచ్చు పోసి, ఇటుకలు మోసినవాళ్లు చాలా చోట్ల ఆ నేల మీది మూలవాసులు. కాలిఫోర్నియాలో మెక్సికన్ సేనాని మరియానో వయ్యేహో 1836లో మొదలుపెట్టిన పెటలూమా అడోబీని లేపింది వందలాది మూలవాసుల శ్రమే. అలాంటి ఇంటి చరిత్రలో వాళ్లు లేకపోతే ఆ చరిత్ర సగమే. ఇటుక మీద వేలిముద్ర కనిపిస్తే ఫొటో తీసి, పక్కన కొలబద్ద పెట్టి నమోదు చేయండి. కాలిఫోర్నియాలో స్పానిష్ మతగురువులు నడిపిన మిషన్ చర్చిల బాప్టిజం, పెళ్లి, మరణ రిజిస్టర్లను హంటింగ్టన్ గ్రంథాలయం 1769 నుంచి 1850 దాకా ఒక జాబితాగా కూర్చింది. అక్కడ వాళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు ఉన్నాయి. న్యూ మెక్సికోలో గోడలు అలికే పని ఆడవాళ్లది. వాళ్లను ఎన్‌హర్రదోరాలు అంటారు. ఆ ఇంట్లో ఆ పని ఎవరు చేసేవారో, ఏ గుంత మట్టి తెచ్చేవారో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రికార్డు చేయాలి. ఏ కాగితంలోనూ దొరకని భాగం ఇదొక్కటే.

చరిత్రను చెరిపేసే మరమ్మతులు

సిమెంటు గిలాబా గురించి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మట్టి గోడ తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. సిమెంటు ఆ వదిలే దారిని మూసేస్తుంది. సన్నటి పగుళ్లలోంచి దిగిన వాన నీరు, పునాది నుంచి ఎక్కిన చెమ్మ బయటపడలేక లోపల పేరుకుంటాయి. గోడ అడుగు మెత్తబడి జారుతున్నా పైకి సిమెంటు చిప్ప చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. న్యూ మెక్సికోలో రాంచోస్ దె తావోస్ ఊళ్లోని ప్రసిద్ధ చర్చికి 1967లో సిమెంటు పూసి, లోపల గోడలు దెబ్బతింటున్నాయని తెలిశాక 1979లో దాన్నంతా ఊడదీసి మళ్లీ మట్టి పూతకే వచ్చారు.

సిమెంటు తీయాల్సి వస్తే గోడంతా ఒక్కరోజులో ఊడదీయకండి. నానిన గోడకు ఆ చిప్పే ఆసరాగా ఉండవచ్చు. అడుగున ఒక పట్టీ మేర తీసి, కొన్ని వారాలు ఆరనిచ్చి, ఆపైకి వెళ్లండి. ప్రతి పట్టీ తీసినప్పుడు ఫొటో, కొలత, పొరల వివరం రాసుకోండి, ఆ పాత గిలాబాను మళ్లీ చూసే అవకాశం ఉండదు. దానికంటే ముందు నీటి సంగతి చూడాలి: కప్పు మీది తూములు నీటిని గోడకు దూరంగా పడేయాలి, చుట్టూ నేల ఇంటి నుంచి బయటికి వాలాలి, గోడ వెంట పూలమొక్కలకు నీళ్లు పెట్టడం మానాలి.

అడుగున కోసుకుపోయిన చోట పాత ఇటుక మట్టికి దగ్గరగా ఉన్న మట్టితో చేసి, పూర్తిగా ఆరిన ఇటుకలే పెట్టాలి. తడి ఆరనివి పెడితే తర్వాత ఆరి కుంచించుకుపోయి పైగోడకు ఆసరా తప్పుతుంది. కొత్త ఇటుక ఒక మూల మీద సంవత్సరం గీయండి. వందేళ్ల తర్వాత చదివేవారికి ఆ గీత మేలు చేస్తుంది.

తర్వాతి కాలపు చేర్పులను ‘అసలు’ రూపం పేరుతో కూలగొట్టడం ఇంకో నష్టం. సాన్ డియేగోలోని ఎస్తుదియో కుటుంబపు ఇంటిని 1910లో బాగుచేశాక, ఒక నవలలోని కథానాయిక పెళ్లి జరిగిన చోటంటూ ఏళ్ల తరబడి చూపించారు. 1820ల చివర్లో కట్టుకున్న నిజమైన కుటుంబం ఆ కల్పిత పెళ్లి వెనక దాక్కుపోయింది. లాస్ ఏంజెలెస్‌లో 1818 నాటి ఆవిలా అడోబీని 1920ల చివర్లో కూల్చకుండా కాపాడారు. 1971 భూకంపంలో దెబ్బతింటే మళ్లీ బాగుచేశారు, ఇప్పుడు లోపల 1840ల కాపురంలా అమర్చి చూపిస్తారు. అలాంటి ఇంటి గురించి రాసేటప్పుడు ఏది 1818ది, ఏది 1970లది, ఏ సామాను ఆ కుటుంబానిది కాదో విడివిడిగా చెప్పాలి.

చివరికి ప్రతి గదికీ ఒక కాగితం తయారుచేయండి. తేదీని ఒక్క అంకెగా కాకుండా రెండు హద్దుల మధ్య పెట్టండి, పక్కన ఆధారం, దాని బలం రాయండి. ఉదాహరణకు ఇలా: ‘ఉత్తరపు గది. పడమటి గదికి ఆనించి కట్టినది, మూలలో నిలువు చీలిక ఉంది. 1839 మంజూరు పటంలో లేదు, 1852 సాక్ష్యంలో రెండు గదులని ఉంది. కాబట్టి 1839 తర్వాత, 1852 లోపు. ఇటుక సగటు పొడవు పడమటి గది కంటే 3 సెంటీమీటర్లు తక్కువ. కిటికీ చట్రం తీగ మేకులతో బిగించినది, అది చాలా తర్వాతది. ఎవరు కట్టారన్నది ఏ కాగితంలోనూ లేదు. తూర్పు గోడ మూడో వరసలో చేతి గుర్తు ఉంది.’